మార్కండేయ చేసిన కేబుల్

ఏ లోహాన్నయినా మార్కండేయ మొదట చేతి వెనక వైపుతో తాకుతాడు. వేళ్ళు లోపలికి ముడిచి, కణుపులను ఒకసారి ఆనించి, తీసి, అప్పుడు అరచేయి పెడతాడు. బండి ట్యాంకు, షట్టరు గొళ్ళెం, బోరు స్టార్టరు పెట్టె, ఇంట్లో నల్లా. కరెంటు ఉంటే అరచేయి ముడుచుకుని పట్టేసుకుంటుంది. వెనక చేయి అయితే విదిలించి వదిలేస్తుంది. మోటార్లు చుట్టే దుకాణంలో పదిహేనేళ్ళ వయసులో నేర్చుకున్న అలవాటు ఇది. ఇప్పుడతనికి యాభై మూడేళ్ళు. పెండ్లి పీటల మీద పుస్తెలతాడును కూడా ముందు వెనక చేత్తోనే తాకి చూశాడని అతని భార్య యాదవ్వ ఇప్పటికీ చెబుతుంది.

"నన్ను గూడ కరెంటనుకున్నడు," అంటుంది.

ఎల్లారెడ్డిలో బస్టాండు దాటాక నిజాంసాగర్ పోయే రోడ్డు మీద అతని దుకాణం. పదడుగుల వెడల్పు. పేరు బోర్డు లేదు. తండ్రి దోమకొండలో మగ్గం నేసేవాడు. మగ్గాన్ని కట్టెల కింద అమ్మేసిన ఏడాది కొడుకును కామారెడ్డిలో మోటార్లు చుట్టే పనికి పంపాడు. మోటార్ల నుంచి పంపుసెట్లు, పంపుసెట్ల నుంచి మోపెడ్లు, అక్కడి నుంచి మోటారుసైకిళ్ళు. పెండ్లయ్యాక యాదవ్వ ఊరికే వచ్చి ఉండిపోయాడు. ఆమె బీడీలు చుడుతుంది. దుకాణం వెనక గదిలో కాపురం. మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఇటు ఆయిలు వాసన, అటు తంబాకు వాసన.

ముప్పై ఏళ్ళు అతను చెవితో పని చేశాడు. స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. ఏ వాల్వు వదులైందో, ఏ బేరింగు అరిగిందో చెప్పేవాడు. తర్వాత కొత్త రకం బండ్లు వచ్చాయి. పెట్రోలు ఎంత పోయాలో, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టించాలో సీటు కింద అరచేయంత పెట్టె ఒకటి నిర్ణయిస్తుంది. అందులో చిన్న కంప్యూటరు ఉంటుంది. ఏదైనా తేడా తోస్తే అది మీటరులో పసుపు లైటు వెలిగిస్తుంది. ఎందుకు వెలిగించిందో చెప్పదు. చెవికేమీ వినపడదు. ఆ పెట్టెతో మాట్లాడే యంత్రం కామారెడ్డి షోరూముల్లోనే ఉండేది.

"కామారెడ్డి తీస్కపోండ్రి," అని మార్కండేయ చెప్పేవాడు. రైతులు బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి, నలభై కిలోమీటర్ల పైన తీసుకుపోయి, ఒక రోజు పని పోగొట్టుకుని వచ్చేవారు. ఆ ఏడాది అతను షట్టరు సగమే లేపేవాడు.

కేబుల్ తనే చేసుకోవాలనుకున్నది ఒక వానాకాలం. ఎవరో హిందీ మెకానిక్కు చేసి చూపించిన వీడియోలను ఫోనులో మళ్ళీ మళ్ళీ చూశాడు. కామారెడ్డి తుక్కు దుకాణంలో ముందు భాగం నలిగిపోయిన బండి ఒకటి పడి ఉంటే, దాని వైర్లలోంచి, తీగలను కలిపే ఆరు రంధ్రాల కప్లరు కోసి తెచ్చుకున్నాడు. ఆ బండి ఎవరిదని అడగలేదు. బొటనవేలంత సర్క్యూటు బోర్డు పోస్టులో తెప్పించాడు. ఒక కొసన లాప్‌టాపు, ఇంకో కొసన బండి, మధ్యలో ఆ బోర్డు. ఆరు రంధ్రాల్లో ఒకటి బ్యాటరీది, ఒకటి ఎర్తుది, ఒకటి మాట్లాడే తీగది. ఏది ఎక్కడ ఉంటుందో ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. తప్పు రంధ్రంలో పెడితే పెట్టె కాలిపోతుంది. మీటరు పట్టుకుని పదకొండు రోజులు ఒక్కో రంధ్రాన్నీ కొలిచి అట్టముక్క మీద రాసుకున్నాడు.

అతుకు పెట్టిన తీగలు మాటిమాటికీ విడిపోతుంటే యాదవ్వ వాటిని తన ఒళ్ళోకి తీసుకుంది. బీడీ దారంతో అతుకు మీద దగ్గరదగ్గరగా చుట్టి, దారం పంటితో కొరికి, ముడి కనపడకుండా లోపలికి తోసింది.

"గిది పేలదు గదా?"

"పేలదు. మాట్లాడుతది."

"నువ్వే మాట్లాడవు. ఇగ నీ వైరు మాట్లాడుతదా."

బడిలో మూలకు పడేసిన లాప్‌టాపు ఒకటి కొన్నాడు. కేబుల్‌ను మొదట తన బండికే తగిలించాడు. తెర మీద అంకెలు వచ్చాయి. ఇంజను వేడి ఒకటి. నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో ఒకటి. ఎక్సిలేటరు మెల్లగా తిప్పితే అంకె మెల్లగా పెరిగింది. వదిలితే పడిపోయింది. నాలుగుసార్లు తిప్పి వదిలాడు. ఆ మధ్యాహ్నం అన్నం తింటున్నంతసేపూ యాదవ్వకు చెప్పలేదు. చేయి కడుక్కుంటూ, "మాట్లాడింది," అన్నాడు.

ఆ తర్వాత రెండేళ్ళు షట్టరు పూర్తిగా లేచింది. బాన్సువాడ నుంచి వచ్చారు. జుక్కల్ నుంచి సగం మరాఠీలో మాట్లాడేవాళ్ళు వచ్చారు. దసరాకు పానాలు, స్క్రూడ్రైవర్లతో పాటు కేబుల్‌కు కూడా యాదవ్వ బొట్టు పెట్టింది. దానికి గోడ మీద వేరే మేకు ఉండేది. జనం అతన్ని కేబుల్ మార్కండేయ అన్నారు. ఎవరైనా తెర వైపు అనుమానంగా చూస్తే అతను ఒకే మాట చెప్పేవాడు. "కేబుల్ అబద్ధమాడదు." ఆ మాట ఊళ్ళోకి పోయింది. తాగలేదని ఒట్టు పెట్టే మగవాళ్ళను భార్యలు, "మార్కండేయ కేబుల్ పెట్టి సూడాలె నీకు," అని బెదిరించేవారు.

దీపావళి దాటాక లాప్‌టాపు బ్యాటరీ చచ్చిపోయింది. చార్జరు తగిలిస్తే తప్ప వెలిగేది కాదు. అతను కామారెడ్డి నుంచి తెచ్చిన చార్జరు ప్లగ్గుకు మూడు కాళ్ళున్నాయి. గోడ మీది బోర్డుకు రెండే రంధ్రాలు. మార్కండేయ కటింగ్ ప్లేయరు తీసుకుని మూడో కాలు, ఎర్త్ కాలు, విరగ్గొట్టాడు. ఒక్క క్షణం పని. ఆ వీధిలో ఏ దుకాణంలోనూ ఆ కాలు మిగిలి ఉండదు. ఎవరూ దాన్ని తప్పు పని అనుకోరు.

మరునాటి నుంచి లాప్‌టాపును తాకినప్పుడల్లా చేతి వెనక జుమ్మనేది. షాకు కాదు. చర్మం మీద చీమలు నడిచినట్టు ఉండేది. అతని చేయి అతనికి ప్రతి రోజూ చెప్పింది. ఇంత చిన్నదానికి ఏమవుతుందిలే అనుకుని, అరచేయి పెట్టి, కేబుల్ తీసి బండికి తగిలించేవాడు.

చలికాలమంతా ఏమీ కాలేదు.

మార్చి నెలాఖరులో హన్మంతు బండి ఆగింది. హన్మంతు నిజాంసాగర్ దగ్గర వరి పండించే రైతు, అరవై దాటినవాడు. మిట్టమధ్యాహ్నం కాలువ గట్టు మీద పోతుంటే ఇంజను దగ్గలేదు, వణకలేదు. ఒక్కసారిగా లేకుండా పోయింది. వెంటనే హ్యాండిల్ కాలువ వైపు తిరిగింది.

"జరంతల నీళ్ళల్ల వడేటోణ్ణి మార్కండేయా."

"వడలేదు గదా హన్మంతన్నా."

"వడితే మా ముసల్దానికన్న పింఛను మొదలైతుండె."

మార్కండేయ కేబుల్ తగిలించాడు. తెర ఖాళీగా ఉంది. పెట్టె జవాబివ్వలేదు. వేరే పెట్టె తెచ్చి వేస్తే బండి నడిచింది. ఎండకు పోయి ఉంటుందని ఇద్దరూ అనుకున్నారు. రెండు వారాలకు జుక్కల్ నుంచి ఒకతను ఫోను చేశాడు. అతని బండి కూడా మధ్యాహ్నం, నడుస్తూ నడుస్తూ, అలాగే పోయింది. దాని పెట్టె కూడా జవాబివ్వడం లేదని కామారెడ్డి షోరూములో చెప్పారట. మార్కండేయ ఫోను పెట్టేసి కాసేపు గోడ మీది మేకు వైపు చూశాడు. ఆ రెండు బండ్లకూ సంక్రాంతికి ముందు అతను కేబుల్ పెట్టాడు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది అదొక్కటే.

జుక్కల్ అతని పెట్టెను తెప్పించుకుని, చచ్చిన రెండింటినీ సంచిలో వేసుకుని కామారెడ్డి బస్సెక్కాడు. స్టేషను రోడ్డులో మేడ మీద గదిలో తిరుపతి ఉంటాడు. ఒకప్పుడు టీవీలు బాగుచేసేవాడు. ఇప్పుడు ఇలాంటి పెట్టెలు విప్పుతాడు. లోపల పోసిన నల్లటి జిగురును గంటసేపు గోకి, అద్దం కింద పెట్టి చూశాడు.

"నీళ్ళు పోలే. దెబ్బ తాకలే. గీ కాలు జూడు, మాట్లాడే వైరుది. గీడికెళ్ళి లోపల్కి కాలుకుంట పోయింది. రెండో దాంట్ల గూడ గంతే. ఇది బయటికెళ్ళి వచ్చిన కరెంటు మార్కండేయన్నా."

"బయటికెళ్ళంటే?"

"నువ్వు తగిలిచ్చే దాంట్లకెళ్ళి. లాప్‌టాపు చార్జింగ్ పెట్టే తగిలిస్తవా?"

"బ్యాటరీ లేదు."

"ఎర్త్ ఉన్నదా?"

"కాలు ఇరగ్గొట్టిన."

తిరుపతి నవ్వాడు. "అందరం ఇరగ్గొడ్తం తియ్యి. నాది గూడ సూడు." గోడ వైపు చేయి చూపించాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "ఎన్ని బండ్లకు పెట్టినవ్?"

"దీపావళి సంది... అరవై దాక."

"అప్పటికప్పుడు సావది అన్నా. లోపల జర కాలుతది, అయినా నడుస్తది. ఎండకు వేడెక్కినంక పోతది. కొన్ని అసలే పోవు. ఏది పోతదో, ఏడ పోతదో నేను జెప్పలేను. నీ కేబుల్ గూడ జెప్పదు."

ఎల్లారెడ్డికి తిరిగివచ్చే బస్సులో అతను కిటికీ వైపు కూర్చున్నాడు. తాడ్వాయి, లింగంపేట. ఎదురుగా వచ్చే ప్రతి బండినీ చూశాడు. వాటిలో మూడింటిని గుర్తుపట్టాడు.

మరునాడు దుకాణం పక్కన ఎర్తు కోసం మనిషి నడుము లోతు గుంత తవ్వాడు. ఇనుప కడ్డీ దింపి, ఉప్పు, బొగ్గు వేసి నీళ్ళు పోసి, గోడ బోర్డుకు కొత్త తీగ లాగాడు. మూడు రంధ్రాల బోర్డు, మూడు కాళ్ళ ప్లగ్గు కొత్తవి తెచ్చాడు. లాప్‌టాపును చేతి వెనకతో తాకాడు. జుమ్మనలేదు. ఇకపై వచ్చే బండ్లకు భయం లేదు. వచ్చిపోయిన బండ్ల గురించి అతను ఎవరికీ చెప్పలేదు. చెబితే దుకాణం ఉండదు. మే నెల గడిస్తే వానలు పడతాయి, చల్లబడుతుంది, పోయేవి పోతాయి, ఎవరికీ ఏమీ కాకపోవచ్చు. ఇలా తొమ్మిది రోజులు అనుకున్నాడు.

ఆ తొమ్మిది రోజుల్లో ఒక ఉదయం నిరోష వచ్చింది. నిరోష నర్సు. లింగంపేట అడవిలోని తండాలకు స్కూటీ మీద తిరుగుతూ పసిపిల్లలకు టీకాలు వేస్తుంది. మార్కండేయను బాపూ అంటుంది. దీపావళి నుంచి ఆమె స్కూటీకి అతను మూడుసార్లు కేబుల్ పెట్టాడు.

"బాపూ, లైటు మళ్ళొచ్చింది. జర నీ కేబుల్ పెట్టి సూడరాదు."

"కేబుల్ ఖరాబైంది."

"నీ కేబుల్‌కు గూడ రోగమొస్తదా? నా తాన సూది ఉన్నది, ఇయ్యాల్నా?"

అతను నవ్వలేదు. స్కూటీని జాగ్రత్తగా నడపమన్నాడు. ఎప్పుడూ జాగ్రత్తగానే నడుపుతానని ఆమె చెప్పి, నీలం రంగు టీకాల పెట్టె కాళ్ళ మధ్య సర్దుకుని వెళ్ళిపోయింది. స్కూటీ చప్పుడు బస్టాండు మలుపు తిరిగేదాకా మార్కండేయ పానా పట్టుకుని నిలబడ్డాడు.

పదో రోజు లింగంపేట దాటాక మైసన్న బండి ఆగింది. మైసన్న రోజూ రెండు పాల క్యాన్లు వేలాడేసుకుని కామారెడ్డి పోయేవాడు. చలికాలంలో అతని బండికీ మార్కండేయ కేబుల్ పెట్టాడు. తిరిగి వస్తూ గడ్డి ట్రాక్టరును దాటుతుండగా ఇంజను పోయింది. వెనక లారీ ఉంది.

మైసన్న బతికాడు. తొడ ఎముక రెండు చోట్ల విరిగి కామారెడ్డి ఆసుపత్రిలో పడుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం అతని బండిని మార్కండేయ దుకాణం ముందు దించారు. మైసన్న భార్య భూదేవి వచ్చింది. లారీ డ్రైవరు వచ్చాడు. పెద్దమనిషిగా హన్మంతు వచ్చాడు. వాళ్ళ వెనక పదిహేను మంది. బండ్ల మీద వచ్చినవాళ్ళు రోడ్డు పక్కన వరసగా పెట్టారు.

లారీ డ్రైవరు చెప్పేది, బండి నడిరోడ్డు మీద తనంత తానే ఆగిందని. భూదేవి చెప్పేది, బండికే రోగమూ లేదని, లారీయే మీదికొచ్చి గుద్దిందని. పోలీసుల దగ్గరికి పోయేముందు ఇద్దరూ ఒక మాటకు ఒప్పుకున్నారు. కేబుల్ ఏది చెబితే అది. బండే ఆగిందని చెబితే లారీ వాళ్ళను ఏమీ అడగరు. బండి బాగానే ఉండెనని చెబితే మైసన్న లేచి నడిచేదాకా ఆ ఇంటి తిండి, మందులు లారీ వాళ్ళవి.

"పెట్టు మార్కండేయా," అన్నాడు హన్మంతు. "కేబుల్ అబద్ధమాడదని నువ్వే అంటవు గదా."

మార్కండేయ కేబుల్‌ను మేకు మీది నుంచి తీశాడు. మైసన్న బండి ముందు చక్రం లోపలికి వంగిపోయి ఉంది. ఒక క్యాను ఇంకా వేలాడుతున్నది. విరిగిపోయిన పాల వాసన. సీటు తీసి కప్లరు తగిలించాడు. లాప్‌టాపు తెర ఖాళీగా ఉంది. మళ్ళీ నొక్కాడు. ఖాళీ.

జనం మెడలు చాచి చూశారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అతను ఏం చెప్పినా నమ్మేవాళ్ళు.

గుద్దిన దెబ్బకు పెట్టె పగిలిందని చెప్పవచ్చు. అంతకుముందు బండి బాగానే ఉండెనని చెప్పవచ్చు. అప్పుడు భూదేవి ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. దుకాణం నిలుస్తుంది. లారీ డ్రైవరు ముప్పై ఏళ్ళవాడు, గోడకు ఆనుకుని, కింది పెదవి పళ్ళ మధ్య పెట్టుకుని చూస్తున్నాడు. అతని మాట ఎవరూ వినరు. రోడ్ల మీద మిగిలిన బండ్లు మిగిలినట్టే తిరుగుతుంటాయి.

"బండే ఆగింది," అన్నాడు మార్కండేయ.

డ్రైవరు ఊపిరి వదిలాడు. "నేను జెప్తలేనా!"

"ఆగుండ్రి. దానంతట అది ఆగలే. నేను ఆపిన." మార్కండేయ ప్లగ్గు గురించి, ఎర్త్ కాలు గురించి, తిరుపతి చూపించిన కాలిన జాడ గురించి చెప్పాడు. హన్మంతు బండి ఆగింది అందుకేనన్నాడు. మైసన్న పడకముందు తొమ్మిది రోజుల నుంచీ తనకు తెలుసన్నాడు. దీపావళి నుంచి మొన్నటిదాకా తన కేబుల్ తగిలిన బండ్లను తీయవద్దని, పెట్టెలన్నీ విప్పించి చూపిస్తానని, మైసన్న లేచేదాకా ఆ ఇంటిని తానే చూసుకుంటానని చెప్పాడు. అతను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అక్కడెవరూ ఎప్పుడూ వినలేదు.

భూదేవి ముందుకు వచ్చింది.

"ఎంతిచ్చిండ్రన్నా లారోళ్ళు?"

"ఎవ్వరు ఏం ఇయ్యలే చెల్లె."

"మరి నీ వైరు నా మొగని కాలు ఇరగ్గొట్టిందా? నీ వైరుకు చక్రాలున్నయా? పది టన్నులున్నదా?" ఆమె గొంతు పెరగలేదు. "నువ్వు సూసుకుంటవా నా ఇల్లు? పూటకు రెండు పానాలు వండి పెడ్తవా?"

హన్మంతు తల ఊపుతూ లేచాడు. "చలికాలం తాకిన వైరు ఎండకాలం సంపుతదా మార్కండేయా? లారోళ్ళ దిక్కు జెప్పాల్నంటే సక్కగ జెప్పు. గిన్ని కతలెందుకు? మొన్న నా బండి ఎండకు పోయిందని నువ్వే అన్నవు."

"తెల్వక అన్న."

"ఇప్పుడు తెల్సిందా."

వెనక నుంచి ఎవరో, "మార్కండేయకే కేబుల్ పెట్టి సూడాలె," అన్నారు. నలుగురు నవ్వారు.

"బండ్లు తీయకుండ్రి," అన్నాడు మార్కండేయ మళ్ళీ. "నడుపుకుంట పోకుండ్రి. నేను జెప్పేది ఇనుండ్రి."

వరసగా పెట్టిన బండ్లు ఒక్కొక్కటే మొదలయ్యాయి. మొదటిది, నాలుగోది, ఏడోది అతను కేబుల్ పెట్టినవి. వాటి చప్పుడులో ఏ తేడా లేదు. ఎండ అప్పుడు మనిషి నీడను పాదాల కిందికి లాక్కుంది. అన్నీ ఆ ఎండలోకే పోయాయి. మైసన్న బండి మాత్రం వంగిన చక్రంతో దుకాణం ముందే ఉండిపోయింది. భూదేవి క్యాను విప్పుకుని, బస్టాండు వైపు నడిచింది.

సాయంత్రం యాదవ్వ ఆకులు కత్తిరిస్తూ కూర్చుంది. అంతా వినే ఉంది. చాటలోని బీడీలను కట్టలు కట్టి పక్కకు జరిపింది.

"ఇన్ని రోజులు నాకన్న జెప్పకపోతివి."

మార్కండేయ వచ్చి చాట పక్కన కూర్చున్నాడు.

"అరవై మంది ఇండ్లు ఎర్కేనా?"

"ఇండ్లు ఎర్కలేవు. బండ్లు ఎర్కే. సూస్తే గుర్తుపడ్తా. చప్పుడు ఇన్నా పడ్తా."

"ఫోను నంబర్లు?"

"ఏడెనిమిది ఉన్నయి. జేసిన. ఇద్దరు నవ్విండ్రు. ఒకాయన తిట్టిండు. మిగిలినోళ్ళు ఎత్తలే. ఊళ్ళె నాకంటె ముందే ముచ్చట పోయింది, లారోళ్ళు కొన్నరని."

యాదవ్వ కత్తెర పక్కన పెట్టింది. "మరి గా బండ్లు ఏడ దొరుకుతయి?"

"రోడ్డు మీద."

"అయితె ఇంట్ల గూసోని ఏం జేస్తవు?"

మరునాడు తెల్లవారు ఐదున్నరకు మార్కండేయ ఊరు దాటి, లింగంపేట రోడ్డు మీద స్పీడ్ బ్రేకరు దగ్గర నిలబడ్డాడు. బండ్లు అక్కడ నెమ్మదిస్తాయి. మొదట వచ్చినది అతను కేబుల్ పెట్టినదే. చేయి ఎత్తాడు. ఆగిన మనిషికి అంతా మొదటి నుంచి చెప్పాడు. ఆ మనిషి చివరిదాకా విని, "అయితె మెల్లగ పోత తియ్యి," అని వెళ్ళిపోయాడు. రెండోవాడు ఆగలేదు. ఇక చెప్పడం మానేశాడు. మూడో బండి బ్రేకరు మీద నెమ్మదించగానే పక్క నుంచి వచ్చి తాళంచెవి తిప్పి లాక్కున్నాడు.

ఆ మనిషి మెడ పట్టుకున్నాడు. మార్కండేయ పిడికిలి విప్పలేదు. చొక్కా భుజం దగ్గర చిరిగింది. చివరికి ఆ మనిషి ఉమ్మేసి, పోలీసులను తీసుకొస్తానని ఊళ్ళోకి నడిచి వెళ్ళాడు. మార్కండేయ బండిని తోసుకుపోయి రోడ్డు అంచున నిలబెట్టాడు. ఏడు గంటలకు అక్కడ నాలుగు బండ్లు ఉన్నాయి. అతని పెదవి చిట్లింది.

ఏడుంబావుకు నిరోష స్కూటీ వచ్చింది. అతన్ని చూసి ఆమే ఆపింది.

"ఏంది బాపూ గిది? మూతికి నెత్తురేంది?"

"దిగు బిడ్డా."

"నిన్న ముచ్చట నాకు గూడ చెప్పిండ్రు. నాకు తండల పదకొండు మంది పోరగాండ్లున్నరు. ఐసు కరుగుతది. జరుగు."

అతను తాళంచెవి లాక్కోలేదు. స్కూటీ ముందు చక్రాన్ని తన రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడ్డాడు. ఆమె హారను కొట్టింది. ఇంజను పెంచింది. చక్రం అతని మోకాళ్ళను వెనక్కి నెట్టింది. అతను జరగలేదు.

"మూడుసార్లు పెట్టిన," అన్నాడు. "అందరికీ ఒక్కసారే. నీ దానికి మూడుసార్లు."

ఆమె అతని ముఖం చూసింది. ఇంజను ఆపింది.

కామారెడ్డి బస్సు వచ్చింది. మార్కండేయ రోడ్డు మధ్యకు పోయి దాన్ని ఆపాడు. డ్రైవరు తిట్టాడు. నిరోష నీలం పెట్టె ఎత్తుకుని ఎక్కి, మెట్టు మీది నుంచే తిరిగి, "అడవిల దిగినంక మూడు కిలోమీటర్లు నడువాలె నేను, ఎర్కేనా నీకు?" అని అరిచింది. బస్సు కదిలింది.

అతను స్కూటీని నాలుగు బండ్ల పక్కన నిలబెట్టాడు. అప్పటికి ఆరు బండ్లు అతన్ని దాటి వెళ్ళిపోయాయి. ఎండ రోడ్డు మీదికి దిగుతున్నది. ఊరి వైపు నుంచి ఇంకో బండి చప్పుడు వినపడింది. తల వంచి విన్నాడు. అది కూడా అతనికి తెలిసినదే. మార్కండేయ నడిరోడ్డు మీదికి నడిచి, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.